పర్లాకిమిడి దాటిన బండి

మూడుకి సున్నా ఘాతం ఎంత అని పర్లాకిమిడిలోని మన బడి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఒకటి అనే చెప్తారు. ఎందుకు ఒకటి అని అడిగినా చెప్తారు. ఆ రెండో ప్రశ్న గురించే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. వేరే ఊళ్లలో చదివిన స్నేహితుల్ని ఇదే ప్రశ్న అడిగి చూశాను. వాళ్లలో ఇంజినీర్లు కూడా ఉన్నారు. ఎక్కువమంది "అది రూలు కదా" అని ఊరుకున్నారు. మన లెక్కల మాస్టారు మాత్రం రూలు అనే మాటతో ఏనాడూ సరిపెట్టలేదు.

ఏడో తరగతి దాకా ఘాతాంకాలు తేలికే. 3⁴ అంటే నాలుగు మూళ్లు వేసి గుణించడం, 81. ఎనిమిదిలోకి వచ్చేసరికి పైన సున్నా వచ్చి కూర్చుంటుంది, దాని వెనకే మైనస్ రెండు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. మూడుని సున్నా సార్లు గుణించడం ఏమిటి, మైనస్ రెండు సార్లు గుణించడం ఏమిటి? మేం అడగకముందే మాస్టారే అడిగేశారు. "ఇన్నిసార్లు గుణించడం అన్న అర్థం ఇక్కడితో అయిపోయిందర్రా. లెక్కపెట్టే అంకెల దాకే అది పనికొస్తాది. ఇప్పుడు కొత్త అర్థం ఇవ్వాలి. మన ఇష్టం వచ్చినట్టు ఇచ్చేద్దామా, పాత సూత్రాలు చెడకుండా ఇద్దామా?"

ఆ పాఠంలో అసలు సంగతి ఇదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పాత అర్థం ఎక్కడ ఆగిపోయిందో పిల్లలకి చెప్పకుండా దాచేస్తే, ఆ తర్వాత ఏం చెప్పినా వాళ్లకి గారడీలాగే ఉంటుంది.

కొత్త అర్థం జోలికి పోయేముందు ఒక పీరియడంతా కాగితం కత్తిరించడానికే సరిపోయింది. పాత కేలండర్ల వెనకవైపు అతికించి 81 సెంటీమీటర్ల పొడవు పట్టీ ఒకటి తయారుచేసి తెచ్చారు. దాన్ని మూడు సమభాగాలు చేసి ఒక ముక్క ఉంచుకోమన్నారు: 27. మళ్లీ మూడు చేస్తే 9, మళ్లీ చేస్తే 3, మళ్లీ చేస్తే 1. ముక్క కత్తిరించిన ప్రతిసారీ బోర్డు మీద ఒకరు పొడవు రాయాలి, పక్కనే ఇంకొకరు ఘాతాంకం రాయాలి. 81 పక్కన 4, 27 పక్కన 3, 9 పక్కన 2, 3 పక్కన 1. ఒక సెంటీమీటరు ముక్క దగ్గరికి వచ్చాక ఘాతాంకం రాసే పిల్ల ఆగి మాస్టారి వైపు చూసింది. ఆయన ఏమీ చెప్పలేదు. తరగతిలో సగంమంది ఒకేసారి "సున్నా" అని అరిచారు. అలా 3⁰ పక్కన 1 అనేది మా చేతుల మీదుగానే పడింది.

కత్తెర అక్కడితో ఆపనివ్వలేదు. ఒక సెంటీమీటరుని మూడు చేస్తే ఒక్కోటి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్నీ మూడు చేస్తే మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. ఆ ముక్క వేలి కొనకి అతుక్కుపోయింది. 1/3, 1/9 అని రాసి, పక్కన మైనస్ ఒకటి, మైనస్ రెండు పెట్టాం. ముక్క ఎంత చిన్నదైనా సున్నా కాలేదు, మైనస్ అసలే కాలేదు. అంతకుముందు రోజు 3⁻² అంటే మైనస్ తొమ్మిది అని గట్టిగా వాదించినవాళ్లు ఆ ముక్కని చేతిలో పట్టుకుని చూశారు.

అయినా అందరి అనుమానమూ ఒక్కరోజులో తీరదు. అందుకని మర్నాడు తరగతిలో వచ్చిన తప్పు జవాబులన్నీ ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద రాసి, ఒక్కోదాన్నీ పాత సూత్రంతో పరీక్షించమన్నారు. భూమి, అంటే కింద రాసే అంకె, ఒకటే అయితే గుణకారంలో ఘాతాంకాలు కలపాలి కదా. 3⁰ విలువ సున్నా అనుకుంటే 3⁰ × 3² కూడా సున్నా కావాలి, కానీ సూత్రం ప్రకారం అది 3², అంటే 9. 3⁻² విలువ మైనస్ 9 అనుకుంటే 3² × 3⁻² మైనస్ 81 అవుతుంది, రావాల్సింది 1. మైనస్ 6 అన్నా నిలబడలేదు. చివరికి మిగిలింది 1/9 ఒక్కటే. మాస్టారు దేన్నీ తప్పు అనలేదు, సూత్రమే కొట్టేసింది.

రైలుబండి సంగతి చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్లు నన్ను ఊరుకోరు. నౌపడ నుంచి మన ఊరికి 1900లో వేసి, తర్వాత గుణుపురం దాకా పొడిగించిన చిన్న లైను మనందరికీ తెలిసిందే. మాస్టారు ఆ లైను బోర్డు మీద గీసి, చిన్న హాల్టులు వదిలేసి, పర్లాకిమిడి దగ్గర ఘాతాంకం సున్నా వేశారు. గుణుపురం వైపు కాశీనగరం 1. ఇటు పాతపట్నం మైనస్ 1, టెంబూరు మైనస్ 2, టెక్కలి మైనస్ 3. అటు వెళ్తే ఒక్కో స్టేషన్‌కీ విలువ మూడింతలు, ఇటు వస్తే మూడో వంతు. "గుణుపురం నుంచొచ్చిన బండి మన ఊళ్లో ఆగిపోద్దేటి? మహేంద్రతనయ ఏరు దాటి పోతాది. అటు పక్క విలువ ఒకటి కన్నా తక్కువే, కానీ పట్టాలు అవే." గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. పుస్తకంలో ఉన్నదాన్ని పిల్లల నోటిమాటలోకి దించడం ఇక్కడి మాస్టార్లకి కొత్తేమీ కాదు.

వెనక బెంచీలోంచి ఒకడు లేచి, సున్నాకి సున్నా ఘాతం ఎంత మాస్టారూ అన్నాడు. మంచి ప్రశ్న అని భుజం తట్టి, వెనక స్టేషన్‌కి రావాలంటే దేనితో భాగించాలో చెప్పమన్నారు. సున్నాతో. సున్నాతో భాగించలేం కాబట్టి ఆ లైను మీద ఈ దారిలో బండి నడవదన్నారు. భూమి సున్నా కాకూడదని పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఎందుకు రాస్తారో ఆ రోజు అర్థమైంది.

ఈ విషయం పిల్లలకి కష్టంగా ఉండటంలో వింత లేదని పెద్దయ్యాక చదివితే తెలిసింది. సున్నాతోనూ ఋణసంఖ్యలతోనూ లెక్కలు చేసే నియమాలు బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు. వాటిని ఘాతాంకం స్థానంలో పెట్టడానికి చాలా కాలం పట్టింది. ఫ్రాన్సులో నికొలా షూకే 1484లో ఆ పని చేశాడు కానీ, ఆయన రాతప్రతి 1880 దాకా అచ్చు కాలేదు. ఇంగ్లండులో జాన్ వాలిస్ 1656లో ప్రచురించిన పుస్తకంలో ఋణ, భిన్న ఘాతాంకాల గురించి రాశాడు. పెద్దపెద్దవాళ్లకే అన్నాళ్లు పట్టిన దాన్ని ఒక్క పీరియడ్‌లో ముగించి "మైనస్ ఉంటే కిందకి దించెయ్" అని చెప్పేస్తే ఎలా? అలా నేర్చుకున్నవాళ్లే 2 × 3⁻¹ ఇస్తే రెండుని కూడా కిందకి లాగేసి 1/6 అంటారు.

నేనిప్పుడు మంచినీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పీహెచ్ అంటే నీళ్లలో ఆమ్లగుణం ఎంతో చెప్పే అంకె. అది 7 అంటే లీటరు నీటిలో హైడ్రోజన్ అయాన్లు 10⁻⁷ మోల్ (కణాల్ని లెక్కపెట్టే ప్రమాణం) అని అర్థం. పీహెచ్ 5 అయితే 10⁻⁵, అంటే నూరు రెట్లు ఎక్కువ. అంకె తగ్గితే ఆమ్లం ఎలా పెరుగుతుందని కొత్తగా చేరినవాళ్లు తికమకపడతారు. వాళ్లకి కూడా కాగితం మీద గీత గీసి, స్టేషన్లు పెట్టే చెప్తాను, భూమి మూడు బదులు పది పెట్టి.

ఇప్పుడు బడిలో లెక్కలు చెప్తున్న మాస్టార్లకీ టీచరమ్మలకీ ఒక మనవి. మన చిన్న లైను పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు ఉండేది. మీటర్లలో ప్రామాణిక రూపంలో రాయమంటే 7.62 × 10⁻¹ అని మేం రాశాం. బ్రాడ్‌గేజ్ అయ్యాక అది 1676 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఇప్పటి ఎనిమిదో తరగతికి ఇవ్వండి. 1.676 రాసి పక్కన పదికి ఏ ఘాతం పెట్టాలో వాళ్లనే తేల్చుకోమనండి.