న్యూట్రల్ తెగిన రాత్రి నుంచి నాన్న ఆంప్లిఫయర్ కోసం చేసిన పనులు

ఏప్రిల్ 27, గుంటూరు బ్రాడీపేట

నిన్న రాత్రి ఈదురుగాలికి వేపకొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడింది. కరెంటు పోలేదు. ట్యూబ్‌లైటు ఒక్కసారిగా తెల్లగా మండింది, ఫ్యాను గిర్రున వేగం అందుకుంది. ప్లగ్గులో మల్టీమీటర్ పెడితే 328 వోల్టులు! పరుగున వెళ్లి మెయిన్ దించాను. అప్పటికే హాల్లో కాలిన వాసన.

తెగింది న్యూట్రల్, అంటే ఇళ్లలోకి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే తీగ. కరెంటు తెచ్చే మూడు తీగల్లో, అంటే ఫేజుల్లో, ఏ రెండింటి మధ్యనైనా 400 వోల్టులుంటాయి. న్యూట్రల్ ఉన్నంతసేపూ ఇంటింటికీ 230 వస్తుంది. అది తెగితే వేరువేరు ఫేజుల మీదున్న ఇళ్లన్నీ ఒకదానికొకటి సీరీస్‌లో పడి ఆ 400ని పంచుకుంటాయి. ఏసీలు ఆడుతున్న ఇంటికి వోల్టేజీ పడిపోతుంది, లోడు లేని ఇంటికి పెరిగిపోతుంది. మా ఇంట్లో ఆ వేళకి ఒక లైటు, ఒక ఫ్యాను.

ఏప్రిల్ 29

ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పాను. సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) నుంచి ప్రొటెక్షన్ ఉందని నమ్మి, ఏడేళ్లుగా అన్నీ దానికే పెట్టాను. లోపల చిన్న బిళ్లంత నీలం రంగు ఎంఓవీ (ఎక్కువ వోల్టేజీని తన మీదకి మళ్లించుకునే భాగం) సగానికి పగిలి, చుట్టూ గోధుమరంగు మసి. మిగిలిన ముక్క మీద 471 అన్న అంకె ఇంకా కనిపిస్తోంది. 47 పక్కన ఒక సున్నా, అంటే 470 వోల్టుల దగ్గర అది కరెంటుకు దారి ఇస్తుంది. మైక్రోసెకన్లలో వచ్చిపోయే స్పైకును మింగగలదు. ఎడతెగకుండా మాత్రం 300 ఏసీ వోల్టుల వరకే ఓర్చుకుంటుంది. 328 నిమిషాల తరబడి వస్తే ఉడికి పగలాల్సిందే. ఆ పని దానిది కాదు. నేనే దానికి అప్పగించాను.

డాక్ (డిజిటల్ సిగ్నల్‌ను ఆడియోగా మార్చే పెట్టె) అడాప్టర్‌లో 400 వోల్టుల కెపాసిటర్ పేలింది. ఏసీ వోల్టేజీ శిఖరం దాన్ని 1.414తో గుణిస్తే వస్తుంది: 328కి 464. లెక్క సరిపోయింది.

ఆంప్లిఫయర్ నాన్నది. ఆయన రోజూ పొద్దున్నే రేడియో పెట్టుకునేది దీని మీదే. మూత తీస్తుంటే చేతులు వణికాయి. 3.15 ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే. మామూలుగా 45 వోల్టులుండే సప్లై ఆ రాత్రి 64 దాకా పోయి ఉంటుంది, కెపాసిటర్లేమో 63 వోల్టులవి. ఒకదాని తల ఉబ్బింది. విజయవాడ గవర్నర్‌పేటకు వెళ్లి 80 వోల్టులవి జత తెచ్చి రెండూ మార్చాను.

తొలిసారి నేరుగా ప్లగ్గులో పెట్టలేదు, 100 వాట్ల బల్బు గుండానే కరెంటు వచ్చే సీరీస్ బోర్డు ద్వారా పెట్టాను. బల్బు ఒక్క క్షణం భగ్గున వెలిగి మెల్లగా మసకబారింది. షార్టు ఉంటే అలాగే వెలుగుతూ ఉండేది. ఆ మసకబారడం చూశాక ఊపిరి పీల్చుకున్నాను.

మే 6

మెయిన్ పక్కన ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించాను. పైహద్దు 260, కిందిహద్దు 175, హద్దు దాటితే కరెంటు తెంచేస్తుంది, మళ్లీ కలిపేముందు 180 సెకన్ల ఆగుడు. న్యూట్రల్ తెగినప్పుడు కాపాడేది ఇదే. స్టెబిలైజర్ కొందామా అని ఆలోచించి వద్దనుకున్నాను. దాని లోపలి రిలే స్విచ్చు మారిన ప్రతిసారీ స్పీకర్లో టప్‌మనడం నాకు పడదు.

మే 13

ఎలక్ట్రీషియన్ బాబాయ్ న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటర్ పెట్టాడు. 14 వోల్టులు. "ఎర్త్ లేదనుకో బాబూ, ఉన్నది తీగ మాత్రమే" అన్నాడు. మాది నల్లరేగడి. ఎండాకాలం నేల బీటలువారి, పైపుకూ మట్టికీ మధ్య సందు పడుతుంది. కొత్తగా గొయ్యి తవ్వించి ఎనిమిదడుగుల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు పోశాం. నాలుగు బిందెల నీళ్లు పోసి మర్నాడు చూస్తే 1.8 వోల్టులు. వేసవిలో వారానికి రెండు బిందెలు పోయడం అమ్మ తన పనిగా పెట్టుకుంది.

మే 20

ఎర్త్ కుదిరాకే, సర్జ్‌ను నేలలోకి మళ్లించే టైప్ 2 ఎస్‌పీడీ బిగించాం. అంతకుముందు పెట్టినా సర్జ్ పోవడానికి దారి లేదు. బాబాయ్ తీగను బోర్డు చుట్టూ అందంగా తిప్పబోతే ఆపాను. ఒక మీటరు పొడవు తీగలో సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారడాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. మైక్రోసెకనుకు వెయ్యి ఆంపియర్ల చొప్పున పెరిగే సర్జ్‌కు ఆ ఒక్క మీటరే వెయ్యి వోల్టులు అదనంగా చేరుస్తుంది. అందుకే రెండు వైపులా కలిపి అరమీటరు మించకుండా కోయించాను. కిటికీలో ఆకుపచ్చ గుర్తుంది, ఎరుపు వస్తే లోపలి గుళిక మార్చాలి.

జూన్ 9

టీవీకీ ఆంప్లిఫయర్‌కూ మధ్య రాగి తీగ తీసేసి ఆప్టికల్ కేబుల్ వేశాను. డిష్ తీగ వెంట వచ్చే సర్జ్ టీవీ దగ్గరే ఆగాలి. అనుకోకుండా ఏళ్లనాటి హమ్మింగ్ కూడా పోయింది.

పిడుగుల హెచ్చరిక మెసేజ్ వచ్చిన రోజు మాత్రం ప్లగ్గు, డిష్ తీగ రెండూ పీకేస్తున్నాను. దగ్గరలో పడే పిడుగుకు ఈ సరంజామా చాలదు.

జూన్ 22

తెల్లవారుజామున 4:40కి ప్రొటెక్టర్ ట్రిప్ అయింది, తెరమీద 271. మూడు నిమిషాల తర్వాత తనే కలిసింది. ఏడింటికి నాన్న వచ్చి రేడియో పెట్టుకున్నాడు.