మా పాత ఓమ్నీలో టిక్ టిక్ సౌండ్: ఇంజన్ దించకుండా ఎలా పట్టుకున్నామంటే

పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని గట్టిగా వినపడుతుంది, బండి వేడెక్కేసరికి సగం తగ్గిపోతుంది, మళ్లీ లోడుతో వంతెన ఎక్కుతుంటే మొదలవుతుంది. మా మారుతీ ఓమ్నీ వ్యానుకి వచ్చిన తంటా ఇదీ. 1998 మోడల్, కార్బురేటర్ బండి, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. మాది రావులపాలెం దగ్గర చిన్న నర్సరీ, కడియపులంక నుంచి మొక్కలు తెచ్చి ఇక్కడ అమ్ముకుంటాం. మట్టి ముద్దలతో ఉన్న మొక్కలు నింపితే బండి వెనక్కి కూర్చుండిపోతుంది, ఆ బరువుతోనే జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కాలి. పైగా ఓమ్నీలో ఇంజన్ ఉండేది మనం కూర్చునే సీటు కింద, కాబట్టి వేరే బండ్లలో పట్టించుకోని చిన్న సౌండ్ కూడా ఇందులో మనశ్శాంతి లేకుండా చేస్తుంది.

ముందు షెడ్ల చుట్టూ తిరిగాను. ఒకాయన సీటు కూడా ఎత్తకుండా నాలుగుసార్లు రేస్ ఇచ్చి "టైమింగ్ చైన్ లూజయిపోయిందండీ" అన్నాడు. ఈ ఇంజన్‌కి చైన్ ఉండదు, రబ్బరు బెల్టు ఉంటుంది. ఇంకేం మాట్లాడతాం, దణ్ణం పెట్టి వచ్చేశాను. ఇంకో షెడ్డులో బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయింది, ఇంజన్ దించాలి, తక్కువలో తక్కువ 25 వేలు అన్నారు. ఆయిల్ తగ్గట్లేదు, సైలెన్సర్ నుంచి నీలం పొగ రావట్లేదు, పికప్ కూడా బాగానే ఉంది, మరి బోర్ పోయిందని ఎలా తెలిసిందండీ అంటే "ఓల్డ్ మోడల్ కదండీ మరి" అన్నారు. ఇంట్లో మా ఆవిడేమో వచ్చిన కాడికి అమ్మేయమని పోరు. ఓమ్నీల తయారీ 2019లోనే ఆగిపోయింది, స్పేర్లు మాత్రం ఇప్పటికీ దొరుకుతున్నాయి, మా బేరానికి సరిపడా వేరే బండి కొనాలంటే ఎంతవుతుందో తనకీ తెలుసు.

అప్పుడు మావయ్యని రమ్మన్నాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చీ రాగానే పానాలు తీస్తారనుకుంటే, అరుగు మీద కూర్చుని "ఒరేయ్ అబ్బాయ్, ఎక్కడ నుంచి వస్తోందో తర్వాత చూద్దాం, ఎప్పుడెప్పుడు వస్తోందో ముందు అది చెప్పు" అన్నారు. ఆయన ఒక్కొక్కటీ అడుగుతుంటే చాలా వాటికి నా దగ్గర జవాబు ఉంది, కాకపోతే అన్నీ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదంతే. న్యూట్రల్‌లో నిలబెట్టినా వస్తోందంటే చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్టు కాదు. క్లచ్ తొక్కినా తేడా లేదంటే క్లచ్ బేరింగ్ మీద అనుమానం అక్కర్లేదు. రేస్ ఇస్తే స్పీడు పెరుగుతోందంటే ఇంజన్‌తో పాటు తిరిగేదే. వంతెన ఎక్కుతుంటే పెరిగి, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే దాదాపు మాయమవుతోంది. ఈ చివరి మాట వినగానే ఆయన "ఊఁ" అన్నారు, ఎందుకో అప్పుడు చెప్పలేదు. మన డెల్టాలో బండికి లోడు పెట్టి చూడాలంటే కొండలా ఘాట్లా, ఉన్నవల్లా వంతెనలూ కాలవగట్లూ, అందుకని మా ఊరి గట్టు వాలు మీదే పైకీ కిందికీ నడిపించి తనే విన్నారు.

తర్వాత ఖర్చు లేని పనులన్నీ ముందు. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ లెవెల్ సరిగానే ఉంది, స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు కూడా వెంటనే ఆరిపోతోంది. ఫ్యాన్ బెల్టు ఊడదీసి ఒక్క నిమిషం లోపే ఇంజన్ నడిపాం. డైనమో బేరింగో, వాటర్ పంపు బేరింగో అయితే అప్పుడు సౌండ్ ఆగిపోవాలి. ఆగలేదు. (బెల్టు లేకుండా ఎక్కువసేపు నడిపితే నీళ్లు తిరగవు, ఇంజన్ హీటెక్కిపోతుంది, అంతకు మించి వద్దు.) మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా వాల్వుల్ని తొక్కే టాపెట్ల మీది కవర్ తీసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) ఆరు వాల్వుల సందులూ చూశారు. ఒక ఎగ్జాస్ట్ వాల్వు (పొగ బయటకి వదిలేది) కాస్త లూజుగా ఉంది, సెట్ చేశారు. నేనైతే పని అయిపోయిందనే అనుకున్నాను. స్టార్ట్ చేస్తే అదే టిక్ టిక్, పిసరంత కూడా తగ్గలేదు.

ఇక్కడే మావయ్య అసలు సంగతి చెప్పారు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వుల్ని తెరిపించే షాఫ్టు) ఒక్క చుట్టు తిరుగుతుంది, కాబట్టి ఒక టాపెట్ కొట్టుకుంటే రెండు చుట్లకోసారి టిక్ మంటుంది. అలాగే ఒక సిలిండర్ నుంచి పొగ బయటకి వచ్చేదీ రెండు చుట్లకోసారే. అంటే సైలెన్సర్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగని కలిపి సైలెన్సర్‌కి పంపే గొట్టం) దగ్గర ఏదైనా సిలిండర్‌కి లీకుంటే అది కూడా సరిగ్గా టాపెట్ లయలోనే టిక్ టిక్ మంటుంది, చెవితో వేరు చేయడం కష్టం. టాపెట్లు టైట్ చేయించీ చేయించీ విసిగిపోయిన వాళ్లలో సగం మంది కథ ఇదేనని ఆయన లెక్క. టాపెట్‌కి వంతెనతో పని లేదు, లీకుకి ఉంది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ సిలిండర్‌లో మంట బలంగా మండి పొగ గట్టిగా తంతుంది, వదిలేస్తే తన్నదు. ఆయన "ఊఁ" అన్నది అందుకన్నమాట.

అనుమానం ఉంటే సరిపోదు కదా, చోటు తెలియాలి. పొడుగు స్క్రూడ్రైవర్ ఇంజన్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని వినడం అందరూ చేసేదే, అదీ చేశాం, కానీ ఇనుము సౌండ్‌ని అన్ని వైపులకీ మోసుకుపోతుంది, ఎక్కడ పెట్టినా టిక్ మంటూనే ఉంది. అప్పుడు నర్సరీలో మొక్కలకి నీళ్లు పెట్టే పైపు నుంచి మూరెడు ముక్క కోసి, ఒక కొస చెవికి పెట్టుకుని రెండో కొస మేనిఫోల్డ్ వెంబడి మెల్లగా జరుపుతూ వెళ్లారు. ఇంజన్‌కి తగలనివ్వకుండా, బెల్టుకి దూరంగా. తర్వాత నాకిచ్చారు. మొదటి రెండు సిలిండర్ల దగ్గర మామూలు హోరు. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి టిక్ అనేది పోయి, ఎవరో చెవిలో ఉఫ్ ఉఫ్ మని ఊదుతున్నట్టు వినపడింది. ప్లగ్గు లూజైనా ఇలాంటి సౌండే వస్తుంది కాబట్టి ముందు ప్లగ్గు చూశారు, అది బిగువుగానే ఉంది.

ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపి, మూడో సిలిండర్ ప్లగ్గు వైరు తీసి ఇంజన్ బాడీకి ఎర్త్ తగిలేలా పెట్టి, మళ్లీ స్టార్ట్ చేశాం. బండి రెండు సిలిండర్ల మీద కుంటుతూ తిరిగింది, సౌండ్ మాత్రం టక్కున పోయింది. టాపెట్ అయితే ప్లగ్గు కాల్చినా కాల్చకపోయినా కొట్టుకోవాల్సిందే. వైరు మళ్లీ పెట్టాక తడి గోనెసంచి మడిచి సైలెన్సర్ చివర కొన్ని సెకన్లు అడ్డం పెట్టారు, పొగకి దారి తగ్గేసరికి సీటు కింద టిక్ టిక్ ఇంకా పెద్దదైంది. ఇంక సందేహం లేదు. మేనిఫోల్డ్ మీది రేకు విప్పి టార్చి వేస్తే, మూడో సిలిండర్ పొగ బయటకి వచ్చే రంధ్రం పక్కన తెల్లటి అల్యూమినియం హెడ్డు (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) మీద వేలెడు పొడుగున నల్లటి మసి చార ఉంది, దాని పక్కనే ఉండాల్సిన నట్టు లేదు. ఆ నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్డు, మొదట్లోకే విరిగిపోయింది. బిగువు లేని చోట, మేనిఫోల్డ్‌కీ హెడ్డుకీ మధ్య లీకు రాకుండా వేసే ప్యాకింగ్ కాలిపోయింది. వేడెక్కాక లోహం సాగి ఆ సందు కొంత మూసుకుంటోంది, అందుకే పది నిమిషాలకి సౌండ్ తగ్గేది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వానాకాలంలో అద్దాలు ఎక్కించి నడిపినప్పుడు నాకు తలనొప్పి వచ్చేది, నిద్ర చాలకేమో అనుకునేవాణ్ణి. పెట్రోల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఏమీ ఉండవు, ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. సీటు కింద ఇంజన్ ఉన్న బండిలో మేనిఫోల్డ్ లీకంటే సౌండ్ గొడవ కాదు, ఆ పొగ మనం పీల్చే గాలిలోకే వస్తోందని. లీకు తెలిసిన దగ్గర నుంచి రిపేర్ అయ్యేదాకా అద్దాలు దించే నడిపాను, అదీ షెడ్డు దాకా మాత్రమే.

రిపేర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, విరిగిన స్టడ్డు తీయడం ఒక్కటే టెన్షన్. ఇనుప స్టడ్డు అల్యూమినియంలో ఏళ్ల తరబడి పట్టేసి ఉంటుంది, మొరటుగా తిప్పితే హెడ్డులో మరలు పోతాయి, అప్పుడు నిజంగానే హెడ్డు దించాలి. మిగిలిన నట్లకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాం. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి, ఆ వేడి మీద పానాతో అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడిస్తే వచ్చేసింది. వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ వైర్లు తీసేయించారు, కార్బురేటర్, పెట్రోల్ పైపులు విప్పి దూరంగా పెట్టించారు. మేనిఫోల్డ్‌ని లేత్ షాపులో ఇచ్చి ముఖం వంకర పోయిందేమో చూపించాం, కాస్త పోయింది, చదును చేసిచ్చారు. వంకర చూసుకోకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే కొన్నాళ్లకి అదీ కాలిపోతుంది. స్టడ్లు, నట్లు అన్నీ కొత్తవే వేసి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి వెళ్తూ విడతలుగా బిగించారు. ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ పానా వేస్తే రెండు నట్లు ఇంకో పావు చుట్టు తిరిగాయి. అంతా కలిపి ఇంజన్ దించడానికి చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు, మావయ్య కూలి అడగలేదు కాబట్టి అనుకోండి.

ఇది చదివి ఎవరైనా చేసి చూడాలనుకుంటే, ప్లగ్గు వైరు పరీక్ష మా లాంటి కార్బురేటర్ బండ్లకే. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే కొత్త ఎమ్‌పీఎఫ్ఐ బండ్లలో అలా చేస్తే కాలని పెట్రోల్ వెళ్లి సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, వాటికి ఆ సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీయిస్తారు, అది తెలిసిన వాళ్లతోనే చేయించండి. ఇంకోటి, టిక్ కాకుండా ఇంజన్ అడుగు నుంచి బరువుగా ఠక్ ఠక్ మని వస్తూ, వేడెక్కిన కొద్దీ తగ్గే బదులు పెరుగుతూ, స్లోలో ఆయిల్ లైటు మినుకుమంటుంటే అది బేరింగుల పని. ఆ సౌండ్ విన్నప్పుడు ఇవేవీ ప్రయత్నించకుండా బండి అక్కడే ఆపేసి, తాడు కట్టి లాగించుకుని వెళ్లండి.