రైవల్: ఒకే తూము కింది మాట

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు కింద ఉన్న పల్లె. వంతు నీటి కోసం రాత్రిళ్లు తూము దగ్గర కావలి ఉండే మా నాయనకూ పక్క పొలం ఆసామికీ మధ్య జరిగిన వాదులాటలు వింటూ పెరిగినందువల్ల కాబోలు, ఇంగ్లీషులోని ‘రైవల్’ అనే మాట పుట్టుక తెలిసినప్పుడు నేను చాలాసేపు దాని దగ్గరే ఆగిపోయాను.

లాటిన్‌లో రీవుస్ అంటే వాగు, పిల్లకాల్వ. ఒకే రీవుస్ నుంచి నీళ్లు పెట్టుకునేవారిలో ఒక్కొక్కరూ ఇంకొకరికి రీవాలిస్. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరింపజేసిన డైజెస్ట్ అనే న్యాయ సంహితలో, నీటి హక్కుల ప్రకరణంలో ఈ మాటకు ఇదే అర్థం చెప్పి ఉంది. కాబట్టి రైవల్ మొదట పగవాడు కాడు, నీటిలో వాటా ఉన్నవాడు. నీళ్లు చాలినన్నాళ్లు పొత్తుగా ఉన్న ఇద్దరే, కాల్వ సన్నబడ్డ యాసంగిలో ఒకరి మడవ మీద ఒకరు కన్నేసి ఉంచుతారు గనుక, ఆ మాటకు పోటీదారు అనే అర్థం ఎలా అబ్బిందో ఆయకట్టు రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మొదట్లో ఒక సైనికుడు తన తోటి కావలివాళ్లను రైవల్స్ అనే అంటాడు. అక్కడ దానికి జతగాళ్లనే అర్థం.

మన ‘దాయాది’ నడిచిన దారి కూడా ఇదే. దాయం అంటే వారసత్వపు ఆస్తి, అందులో వాటా. ఆ వాటాకు హక్కున్న జ్ఞాతిని చెప్పే మాటే పత్రికల క్రికెట్ పేజీకి వచ్చేసరికి ‘దాయాదుల పోరు’ అయింది. మా వైపు ఆ జ్ఞాతులను పాలోళ్లంటారు. పాలు అన్నా వాటాయే.

వాగు నీటిని పక్కకు మళ్లించడాన్ని చెప్పిన లాటిన్ క్రియ నుంచి ‘డిరైవ్’ వచ్చింది. అది కూడా రీవుస్ సంతతే. ‘రివర్’ను మాత్రం ఈ కుదురులో కలపకూడదు. అది ఒడ్డు అనే అర్థం గల రీపా నుంచి వచ్చింది. ఒడ్డు చేరడాన్ని చెప్పిన ‘అరైవ్’ కూడా అక్కడిదే. ‘కెనాల్’కు మూలం రెల్లు అనే అర్థం గల కన్నా. మన కాల్వకూ దానికీ చుట్టరికం కలపాలనిపిస్తుంది గాని, కాల్వ ద్రావిడ పదం, తమిళంలో కాల్వాయ్.

ఎంత వాదులాడినా మా నాయన ఆ ఆసామిని ఏనాడూ పగవాడనలేదు, ‘మా తూము కిందాయన’ అనేవాడు. రీవాలిస్‌ను తెలుగు చేయమంటే నేను ఆ మాటే రాస్తాను.