వేసవి సెలవుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలి?

వెతుకులాట మార్చిలోనే మొదలుపెట్టండి. ముందు మండలంలోని భవిత కేంద్రంలో (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది), బిడ్డకు థెరపీ చేసేవాళ్లను అడగండి. సమ్మర్ క్యాంపువాళ్లు "పర్లేదు, చూసుకుంటాం" అంటే చాలదు. ఒక్కొక్కరు ఎంతమంది పిల్లల్ని చూస్తారు, బాత్రూంకి ఎవరు తీసుకెళ్తారు, గేటుకు గడియ వేస్తారా? ఇవన్నీ తేల్చుకోవాలి.

మొదటి రోజే పూటంతా వదలొద్దు. ముందు గంట, మర్నాడు రెండు గంటలు. అలవాటైన టిఫిన్ డబ్బా, పాత తువ్వాలు వెంట పంపండి. కొత్త చోటు, కొత్త గొంతులు ఒక్కసారే మీదపడితే పిల్లలు బెంబేలెత్తుతారు. దాన్ని మొండితనం అనడం అన్యాయం.

ఒక కాగితం మీద రాసివ్వండి: "చెవులు మూసుకుంటే చప్పుడు ఎక్కువైందని. చొక్కా లాగితే బాత్రూం వస్తోందని." ఫిట్స్ ఉంటే మందు వేళ కూడా రాయండి, 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చేయమనండి.

నిరామయ (ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే థెరపీ ఖర్చు కొంత వస్తుంది, బిల్లులు దాచండి.