మూడో బిడ్డతో మెదక్ గుడికి

క్రిస్మస్ అయి నాలుగు రోజులైంది. పాప స్వెటర్‌కి పట్టిన కట్టెల పొగ వాసన ఇంకా పోలేదు. ఉతకబుద్ధి కాక దండెం మీద అలాగే ఉంచాను. ఆ వాసన ఉండగానే ఇది రాసేయాలని కూర్చున్నాను.

మాది హనుమకొండ, బాప్తిస్టు సంఘం. మా సంఘంలో మొక్కుబడులు, యాత్రల గురించి పెద్దగా మాట్లాడరు. కానీ మా అమ్మ పుట్టిల్లు మెదక్ పక్క పల్లె, చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కి మెదక్ పెద్ద చర్చి దగ్గరే మేము, మా నోట అది గుడే. కరువు రోజుల్లో ఇంగ్లండు మిషనరీ పోస్నెట్ దొర పని చూపించి అన్నం పెట్టి కట్టించిన గుడి అని, మట్టి మోసినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు ఆ కూలితోనే పిల్లల్ని బతికించుకున్నారని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది, నూరేళ్లు దాటింది. అందుకే కష్టం వచ్చినప్పుడు నా నోటికి మొదట మెదకే వచ్చింది.

ఆ కష్టం ఏమిటో దాచకుండా రాస్తాను. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి నెల తప్పింది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు, అత్తమ్మ ఏమీ అనలేదు, కానీ దగ్గరి చుట్టం ఒకామె మెల్లగా చెవిలో వేసింది, తెలిసిన చోటు ఉంది, ఎవరన్నది చెప్తారు, బాబైతే ఉంచుకోండి, కాకపోతే చూసుకోవచ్చు అని. స్కానింగ్ గది బయట లింగ నిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది కదా, సరిగ్గా దాని కిందే కుర్చీలో కూర్చుని నేను ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. అలా మూడు రోజులు. చివరికి వెళ్లలేదు, కానీ దేవుని మాట విని మానలేదు, భయపడి మానాను. ఆ రెండూ ఒకటి కాదని నాకు తర్వాత గాని తెలియలేదు.

వెళ్లకుండా ఏం చేశానంటే మొక్కుకున్నాను. ప్రభువా, ఈసారి కొడుకుని ఇస్తే మెదక్ గుడికి ఎత్తుకొచ్చి నీ ముందు పెడతాను అని. బైబిల్లో సమూయేలు తల్లి హన్నా కూడా దేవుణ్ణి మగపిల్లవాణ్ణే అడిగింది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ ఆమె అడిగింది తిరిగి ఇచ్చేయడానికి. పాలు మాన్పించి షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ దగ్గర వదిలేసి వెళ్లిన తల్లి ఆమె. నేను అడిగింది నా ఇంట్లో ఉంచుకోవడానికి, చుట్టాల ముందు తలెత్తుకోవడానికి. మాటలు ఆమెవి, మనసు నాది.

మే నెలలో పాప పుట్టింది. మూడో ఆడపిల్ల. ఆసుపత్రిలో చూడ్డానికి వచ్చినవాళ్ల ముఖాల కన్నా నా ముఖమే ఎక్కువ వాడిపోయిందని మా పెద్దమ్మాయి తర్వాత అంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట అనడం నాకు ఇప్పటికీ ముల్లులాగే ఉంది.

సెప్టెంబరులో ఒక గురువారం, స్త్రీల కూడికలో మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయం చదివారు. శిష్యులు ఎవరు గొప్ప అని వాదులాడుకుంటే యేసు ఒక చిన్న బిడ్డను మధ్యలో నిలబెట్టి, ఎత్తి కౌగిలించుకుని, నా పేరట ఇలాంటి బిడ్డను చేర్చుకునేవాడు నన్ను చేర్చుకుంటాడు అన్నాడు. ఎన్నిసార్లు విన్న వాక్యమో. ఆ రోజు మాత్రం 'బిడ్డ' దగ్గర ఆగిపోయాను. మా వైపు బిడ్డ అంటే కూతురే. కొడుకుని కొడుకనే అంటాం. ఆ రాసిన అర్థం అది కాదని నాకూ తెలుసు, అయినా ఆ పూట అలాగే వినిపించింది, ఒళ్లో పాప నిద్రపోతోంది. ఆయన ఎత్తుకున్న పిల్ల ఆడో మగో సువార్తలో చెప్పలేదు. షరతు పెట్టి చేర్చుకోవడం చేర్చుకోవడం కాదు, అది నా పాపం. ఎవరినీ వేలెత్తి చూపడానికి రాయట్లేదు, నా సంగతి చెప్తున్నాను. పిల్లల్ని దేవుడిచ్చే బహుమానమని కీర్తనలో పాడుకుంటూ, ఏది ఇవ్వాలో ఆయనకు నేను చెప్పబోయాను.

మొక్కు లెక్కలో చూస్తే నేను మెదక్ పోనక్కర్లేదు, అడిగింది రాలేదు కాబట్టి. అయినా పోవాలనిపించింది. సౌలు రాజుతో సమూయేలు ప్రవక్త అన్నమాట, బలి కన్నా మాట వినడం మేలని, అదే మనసులో మెదులుతూ ఉంది.

హనుమకొండ నుంచి హుస్నాబాద్, సిద్దిపేట, రామాయంపేట మీదుగా పోయాం. బస్సుల సంగతి ఎక్కువ రాయను, సిద్దిపేటలో నిలబడి నిలబడి కాళ్లు వాచాయి. మేం చేరేసరికి ఇంకా చీకటే, తెల్లవారుజాము ఆరాధన మొదలైపోయింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఐదు వేల మంది పట్టే గుడి అంటారు, బయట అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. నాకు కోపం వచ్చిన సంగతి కూడా చెప్పాలి. సెల్ఫీల కోసం పసిపిల్లల తల్లుల్ని నెట్టుకుంటూ పోతారా? ఆడవాళ్లకు బాత్రూమ్ దగ్గర గంట లైను. ప్రార్థన జరుగుతుంటే పక్కన బూరల మోత. ఆ తోపులాటలో భుజం మీది సంచి పడిపోయి వేడినీళ్ల ఫ్లాస్కు పగిలింది, మా ఆయన, పెద్దపిల్లలిద్దరూ ఎటో తప్పిపోయారు, ఫోన్ కలవదు. నాకు పాలు చాలవు, డబ్బా పాలు కలపాలంటే వేడినీళ్లు లేవు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. చలి. చేతులు వణికాయి.

చెట్టు కింద రెండు చీరలు అడ్డం కట్టి, మూడు రాళ్ల పొయ్యి మీద ఏదో వండుకుంటున్న ఒక అవ్వ నన్ను చూసి చెయ్యి ఊపింది. "ఇటు రా బిడ్డా, పసిదాన్ని చలిల ఎందుకు నిలబెట్టినవ్." పొయ్యి మీది అన్నం గిన్నె దించేసి, చిన్న గిన్నెలో నీళ్లు పెట్టింది. ఆమె ఇంటివాళ్లు పది మంది దాకా ఉన్నారు, అందరూ ఆకలి మీద ఉన్నవాళ్లే, ఒక్కరూ ఏమనలేదు. నీళ్లు మరిగాక రెండు గ్లాసుల్లో అటూ ఇటూ తిరగబోసి చల్లార్చి, ఒక చుక్క తన మణికట్టు మీద వేసి చూసుకుని, అప్పుడు ఇచ్చింది. పాప తాగుతుంటే తన దుప్పటి నా భుజాల మీద కప్పింది.

"ఎవరీ పిల్ల?" అంది.

"మూడో ఆడపిల్ల అవ్వా" అన్నాను. తల దించుకునే అన్నాను, అలవాటైపోయింది.

"నంబరు చెప్తవేంది. పేరు లేదా?"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడు నెలల నుంచి ఎవరు అడిగినా నేను చెప్పింది ఆ అంకెనే. పేరు చెప్పాను. ఇక్కడ రాయను, పెద్దయ్యాక తనే చెప్పుకుంటుంది. అవ్వ ఆ పేరును రెండుసార్లు పలికి, పాప కాలివేళ్లు పట్టుకుని ఊపింది.

ఎండ ఎక్కాక మావాళ్లు దొరికారు. లోపలికి వెళ్లేసరికి పదకొండు దాటింది. ఆ గుడిలో రంగు గాజు కిటికీలు మూడు, ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయటి వెలుతురు పడితేనే బొమ్మ కనిపిస్తుంది, రాత్రయితే నల్లటి గాజే. చిన్నప్పుడు నేను ఆరోహణం కిటికీనే చూసేదాన్ని, పెద్దది కాబట్టి. ఈసారి పుట్టుక కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడగలిగానో, అర నిమిషం ఉంటుందేమో, వెనకనుంచి నెడుతూనే ఉన్నారు. ఆ నీలాల మధ్య పసిబిడ్డ ఉన్నచోటు చూశాను. తల్లి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని వచ్చిన దాన్ని చేర్చుకుంది, నేనేమో షరతులతో పట్టుకున్నాను. క్షమించు ప్రభువా అన్నాను. అంతే, వేరే ప్రార్థన రాలేదు.

ఆశీర్వాదం లైనులో పాస్టరు అయ్యగారు పాప తల మీద చెయ్యి పెట్టి పేరు అడిగారు. ఆ రద్దీలో వినపడదేమోనని గట్టిగా చెప్పాను, పక్కవాళ్లు తిరిగి చూశారు. మా పెద్దమ్మాయి నా ముఖంలోకి చూసి నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ దుప్పటి ఇచ్చేద్దామని ఆ చెట్టు దగ్గరికి పోయాం. చీరలు విప్పేశారు, మూడు రాళ్లు, బూడిద మిగిలాయి. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. పక్కన వండుకుంటున్నవాళ్లని అడుగుదామంటే ఎవరని అడగను, ఆమె పేరు నేను అడగనేలేదు. దుప్పటి మా ఇంట్లోనే ఉంది.