మోదుగు పూల రంగు

ఆదివారం పొద్దున్నే పిల్లలిద్దరితో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు చూడటానికి బయలుదేరాం. మహబూబ్‌నగర్ దాటామో లేదో, మా ఏడేళ్ల అమ్మాయి "అమ్మా, ఆ చెట్టుకు నిప్పంటుకుంది!" అని అరిచింది. ఆకులన్నీ రాల్చేసి ఒళ్లంతా పూసిన మోదుగు చెట్టది. బండి అక్కడే ఆపేశాం. కొమ్మ విరవొద్దని, రాలినవే ఏరుకోమని చెప్పాను. నాలుగేళ్ల బాబు ఒక్కో పువ్వునూ తిప్పి చూసి "చిలుక ముక్కు, ఇంకో చిలుక ముక్కు" అంటూ సంచి నింపాడు.

మర్రిచెట్టును కంచె ఇవతలి నుంచే చూశాం. 2018లో చెదలు తొలిచేస్తుంటే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన సంగతి చెబితే, చెట్టుకు నొప్పి తగ్గిందా అని బాబు మూడుసార్లు అడిగాడు.

ఇంటికొచ్చాక అసలు పండుగ. పూలు మరిగిస్తే నీళ్లు బంగారు పసుపు రంగుకు తిరిగాయి. పాత తెల్ల పంచె ముక్కలను పటిక నీళ్లలో నానబెట్టి, మధ్యమధ్యన శనగగింజలు పెట్టి దారంతో ముడులు వేశాం. రెండో గిన్నెలో అత్తమ్మ చిటికెడు సున్నం కలపగానే రంగు ముదిరి ఎర్రబారింది. తమ చిన్నప్పుడు కాముని పున్నమికి ఇవే రంగులని ఆమె చెబుతుంటే పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. ఆ ముఖాలు చూడటం నాకెంత ఇష్టమో!

ముడులు విప్పితే ప్రతి గింజ చోటా తెల్లటి వలయం. ఇప్పుడు దండెం మీద ఆరు రుమాళ్లు ఆరుతున్నాయి. బాబు పసుపు అరచేతులు కడగనివ్వకుండానే నిద్రపోయాడు.