బావి గిలక లాంటి ఎముక

నాన్న గుంటూరు నుంచి వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఒక పాఠం తప్పదు. ఈసారి మా అమ్మాయికి ఏడో తరగతి సైన్సులో జీవ పరిణామం చెప్తున్నారని తెలిసి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ మొదలుపెట్టారు.

"డార్విన్ 1859లో రాసింది మనవాళ్ళు ఎప్పుడో చెప్పారే. ముందు మత్స్యం, నీళ్ళలో. తర్వాత కూర్మం, నీళ్ళలోనూ నేల మీదా. తర్వాత వరాహం, పూర్తిగా నేల మీద. ఆ తర్వాత సగం సింహం, సగం మనిషి..."

నేను కల్పించుకోలేదు. మిషిగన్‌లో పుట్టిన పిల్లకి అవతారాల వరస గుర్తుండటానికి ఒకప్పుడు నేనూ ఇదే చెప్పాను. బడీ గుడీ ఒకే దెబ్బకు తేలిపోయేవి మరి.

"మరి తిమింగలం తాతయ్యా?" అంది.

"అది చేపే కదే."

"కాదు, పిల్లకి పాలిస్తుంది. దాని పూర్వీకులు నేల మీద నడిచి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాయి. నీ లిస్టులో రివర్స్ గేర్ లేదు." (పెద్దవాళ్ళని 'మీరు' అనాలని ఎన్నిసార్లు చెప్పానో.)

నాన్న నా వైపు చూశారు. నేను గిన్నెలు సర్దుకుంటున్నట్టు నటించాను.

శనివారం ఆన్ ఆర్బర్ వెళ్ళాం. అక్కడ మిషిగన్ యూనివర్సిటీ మ్యూజియంలో రెండు ప్రాచీన తిమింగలాల అస్థిపంజరాలు పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. పెద్దది బాసిలోసారస్, దాదాపు 15 మీటర్లు. నాన్న మంకీ క్యాప్ జారిపోయేలా తలెత్తి చూసి, "దీనికి కాళ్ళేంటే?" అన్నారు. అంత ఒంటికి మన చేతి పొడవు కూడా లేని వెనక కాళ్ళు. మోకాలుంది, వేళ్ళూ ఉన్నాయి. నడవడానికి మాత్రం పనికిరావు. ఈజిప్టు ఎడారిలో ఇలాంటి కాళ్ళు దొరికిన సంగతి ఈ యూనివర్సిటీకే చెందిన ఫిలిప్ గింగరిచ్ బృందం 1990లో ప్రకటించింది.

నాకు గింగరిచ్ కథలో నచ్చింది కాళ్ళ సంగతి కాదు. తోడేలు లాంటి ఒక మాంసాహార జంతువుల జాతి నుంచి తిమింగలాలు వచ్చాయని ఎముకలు చదివే చాలామందిలాగే ఆయనా అనుకునేవారు. డీఎన్ఏ చూసేవాళ్ళు మాత్రం 1990లలోనే హిప్పోతో చుట్టరికం కలిపారు. పాకిస్తాన్‌లో దొరికిన తొలినాటి తిమింగలాల చీలమండ ఎముకలు 2001లో బయటికొచ్చాయి. అవి మేక, పంది, హిప్పో చీలమండల్లాగే ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో చెప్తున్న మాటని ఆయన వదులుకున్నారు. మా నాన్న అవతారాల వాదనని ఏ ఎముక దొరికితే తప్పనొచ్చు? ఏదీ దొరకదు. పిల్ల చికాకంతా అక్కడే.

ఆ ఎముక ఎలా ఉంటుందో చూడాల్సిందేనని అది పట్టుబట్టింది. హలాల్ కొట్టుకి వెళ్ళి మేక వెనక కాలు కీలు దగ్గర నరక్కుండా తెచ్చాను. కూరైపోయాక ఆ ఎముకని పాత టూత్‌బ్రష్‌తో తోమి టిష్యూ మీద పెట్టింది. పాచిక కంటే కాస్త పెద్దది. పైనా కిందా గుండ్రంగా, రెండు చివరలా మధ్యలో గాడి. నాన్న కళ్ళజోడు సర్దుకుని, వేలితో ఆ గాడిని తడిమి, "మన దొడ్లో బావి గిలకలా ఉందే" అన్నారు. పిల్లకి గిలకంటే ఏంటో తెలీదు. బావి, చేద, తాడు, గిలక కీచుమనే చప్పుడు, అన్నీ ఆయన నటించి చూపించాల్సి వచ్చింది. పుస్తకాల్లో కూడా దీన్ని జంట గిలక అనే అర్థం వచ్చేలాగే వర్ణిస్తారు.

ఇక తిమింగలాలకి దగ్గరి చుట్టమైన ఇండోహయస్ అనే పాతకాలపు జంతువు కథ నేను చెప్పాను. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త రాళ్ళు సేకరించి పెట్టుకున్నారు. ఆయన పోయాక అవి భార్య దగ్గర ఉండిపోయాయి. ఆవిడ వాటిని తిమింగలాల పుట్టుక మీద పరిశోధించే హాన్స్ థేవిసెన్‌కి ఇచ్చారు. ఆయన ల్యాబులో రాయి తొలుస్తుంటే పొరపాటున ఒక పుర్రెలో చెవి ఎముక విరిగింది. చూస్తే లోపలి అంచు తిమింగలాల్లో ఉన్నంత మందంగా ఉంది! దాదాపు 4.8 కోట్ల ఏళ్ళ కిందటి, పిల్లి అంత ఉండే, గిట్టలున్న జంతువు అది. 2007లో ఆ సంగతి లోకానికి తెలిసింది.

"రంగారావా? అయితే మనవాడే," అని నాన్న తేల్చేశారు. డార్విన్‌ని కూడా వదిలి రంగారావు పక్షం చేరిపోయారు.

రాత్రి పడుకునే ముందు పిల్ల గదిలోంచి మళ్ళీ గొంతులు.

"ఇందాక పందికీ ఆ గిలక ఎముకే అన్నావా?"

"అన్నాను."

"వరాహమూర్తి భూమిని తేవడానికి ఎక్కడికి దిగాడు?"

కాసేపు చప్పుడు లేదు. "...నీళ్ళలోకి."

"మరి రివర్స్ గేర్ లేదంటావేంటే!"

"తాతయ్యా, అది చీటింగ్!" అని నవ్వుతూనే దుప్పటి కప్పుకుని, "సరే, హిరణ్యాక్షుడి దగ్గర్నుంచి చెప్పు," అంది.